రేగిస్-3: లెమ్ నవలలో ఎడారికి ఒక చరిత్ర

పోలిష్ రచయిత స్టానిస్లావ్ లెమ్ (1921-2006) 1964లో వెలువరించిన నవల ఆంగ్లంలో ‘ది ఇన్విన్సిబుల్’ పేరుతో ప్రసిద్ధం. 1973 నాటి తొలి ఆంగ్లానువాదం జర్మన్ ప్రతి నుంచి జరిగింది; పరిశోధకులు బిల్ జాన్‌స్టన్ పోలిష్ నుంచి నేరుగా చేసిన అనువాదాన్ని ఆశ్రయించడం మేలు. కథాస్థలం రేగిస్-3 అనే మారుమూల గ్రహం. గాలిలో ఆక్సిజన్ ఉంది, సముద్రంలో చేపలున్నాయి. నేలమీద మాత్రం గడ్డిపరకైనా లేదు. అక్కడ దిగిన ‘కాండర్’ నౌక జాడ తెలియకపోవడంతో 83 మంది సిబ్బందితో ‘ఇన్విన్సిబుల్’ నౌక వెతుకుతూ వస్తుంది.

ఎడారి గ్రహం వైజ్ఞానిక కల్పనలో తరచు మానవ సాహసానికి రంగస్థలం మాత్రమే. లెమ్ ఆ ఎడారికే ఒక చరిత్ర కల్పించాడు. జీవశాస్త్రజ్ఞుడు లౌడా ఊహ ప్రకారం, ఏనాడో పరగ్రహవాసుల నౌక ఒకటి అక్కడ దిగింది. యజమానులు నశించాక వారి యంత్రాలు తమలో తాము పోటీపడి, నేలమీది జీవజాలాన్నీ తుడిచిపెట్టాయి. పెద్దవి ఓడిపోగా, ఎండనుంచి శక్తిని గ్రహించే చిన్న లోహఖండాలు మిగిలాయి. విడివిడిగా అవి నిరపాయకరం. ఆపద ఎదురైతే మేఘంలా కూడి, బలమైన అయస్కాంత క్షేత్రంతో ఎదుటివారి స్మృతిని చెరిపివేస్తాయి. కాండర్‌లో దొరికిన, పళ్లగాట్లు పడిన సబ్బుబిళ్లలు నవలలోకెల్లా భయంకరమైన వివరం. తిండి ఏదో తెలియని పసితనానికి జారిన పెద్దలను చూపడానికి లెమ్‌కు ఆ సబ్బు చాలింది.

‘నిర్జనం’ అనే మాట జనం లేకపోవడాన్ని మాత్రమే చెబుతుంది. వాడుకలో దానిని శూన్యమని అర్థం చేసుకోవడం పరిపాటి. నౌకా సిబ్బంది తడబాటు సరిగ్గా ఈ రెండింటి మధ్యనే. తమవారిని పొట్టనబెట్టుకున్న దానిని నాశనం చేయాలన్న పట్టుదల వారిది. మేఘానికి ద్వేషం లేదు, ఉద్దేశమూ లేదు. పగ తీర్చుకోవడానికి అక్కడ శత్రువంటూ ఎవరూ లేరు. ప్రతిపదార్థ ఆయుధం గల ‘సైక్లోప్స్’ యంత్రం సైతం మేఘం దెబ్బకు మతి తప్పి నౌకవైపే మళ్లుతుంది. దానిని సొంతవారే ధ్వంసం చేయవలసి వస్తుంది.

లౌడా పరికల్పన వివరణ కథాగమనానికి అడ్డుపడుతుందన్నది కాదనలేని లోపం. అయితే ఆ ఊహ చివరిదాకా రుజువు కాదు. గ్రహాన్ని గురించి మనుషులు తెలుసుకున్నామనుకున్నదంతా ఊహగానే నిలిచిపోవడం నవలకు బలమే చేకూర్చింది.

తప్పిపోయిన నలుగురిని వెతుకుతూ ఒంటరిగా లోయలోకి వెళ్లిన రోహాన్, అక్కడి లోహమేఘాల కదలికను భయంతో కాక విస్మయంతో చూస్తాడు. ఈ గ్రహాన్ని దాని మానాన వదిలేయాలన్న నిర్ణయానికి అతడు వస్తున్నది ఆ లోయలోనే, వాదనవల్ల కాదు, చూపువల్ల. అతడు ఒక్కడే తిరిగి వచ్చేసరికి నౌక నిజంగానే అజేయమన్నట్లు వెలుగులో నిటారుగా నిలిచి ఉంటుంది. ఆ దృశ్యాన్ని విజయంగా చదవడం కష్టం. కాండర్ కూడా ఇసుకలో అలాగే నిలబడి దొరికింది.