ఒకే వరుసలో భిన్నరూపములు

వంతెన మొదట సుంకపు గేటు ఎదుట లారీలును బస్సులును ఒకదాని వెనుక నొకటి నిలిచియుండుట మనమెల్లరము చూచిన దృశ్యమే. ఓస్లో నగరమున నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో పనిచేయుచుండిన ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను నిరువురు విద్వాంసులను 1960ల మధ్యకాలమున ఆలోచింపజేసిన దృష్టాంతములలో ఇదియు నొకటి. వరుస యొక్కటే, అందలి వాహనములు భిన్నజాతులు. లారీకి మోయు బరువు ముఖ్యము, బస్సునకు ప్రయాణికుల సంఖ్య ముఖ్యము. అయినను వరుసలో నిలుచుట, ముందునకు జరుగుట, సుంకము చెల్లించి సాగిపోవుట రెండింటికిని సమానమే. ఈ సామాన్యధర్మములను ‘వాహనము’ అను నొక క్లాసునందుంచి, లారీని బస్సును దాని సంతతిగా నిర్మించి, విశేషధర్మములను మాత్రమే వానికి చేర్చవచ్చునను నూహ సిములా 67 భాషకు ప్రాణమైనది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ సంప్రదాయమున వారసత్వమను భావమునకు మొదలు అదియే.

అర్రే స్వభావము దీనికి విరుద్ధము. అది సమత్వమును కోరును. సమానపరిమాణము గల అరలు మెమరీలో ఎడములేక వరుసగా నుండును. ఏడవ అర కావలెనన్న యంత్రము తక్కిన ఆరింటిని వెదకుచు పోదు. అర పరిమాణమును ఆరుచే గుణించి, మొదటి అర చిరునామాకు కూడి, నేరుగా అచటికి చేరును. అర్రే వేగమునకు ఆధారము ఈ గుణకారమే. ఇట్టి వరుసలో 24 బైట్ల లారీని, 40 బైట్ల బస్సును ఎట్లు ఒదిగింపగలము? సీ ప్లస్ ప్లస్ భాషలో వాహనముల అర్రేలోనికి బస్సును నేరుగా ఉంచినచో, వాహనమునకు సరిపడు భాగము మాత్రమే నిలిచి, బస్సుదనమంతయు తెగిపోవును; ఆ భాషవారు దీనిని స్లైసింగ్ అందురు. బస్సుల అర్రేను వాహనపు పాయింటరుతో నడుపబూనుట అంతకన్న ప్రమాదకరము: అడుగు వాహనపు కొలతది, అర బస్సు కొలతది, రెండవ మూలకమునకై వేసిన అడుగు మొదటి బస్సు నడుమనే పడును. కంపైలరు దీనిని తప్పనదు.

ఈ వైరుధ్యమును తొలగించు మార్గము సిములాలోనే కలదు. అరలో వస్తువును గాక, ఆ వస్తువుండు చోటిని తెలుపు రిఫరెన్సును ఉంచవలెను. వస్తువుల పరిమాణము లెంత భిన్నములైనను వాని రిఫరెన్సులు ఒకే కొలత గలవి గనుక, అర్రే కోరిన సమత్వమునకు భంగము లేదు, వారసత్వము తెచ్చిన వైవిధ్యమునకు లోపము లేదు. ఇక ప్రోగ్రాము ఆ వరుసపై ఒక లూపు నడపి, ప్రతి వాహనమును ‘నీ సుంకమెంత?’ అని యడుగును. ఎదుటనున్నది లారీయో బస్సో అడుగువానికి తెలియనక్కరలేదు; సాధారణముగా ప్రతి వస్తువును తన క్లాసు మెథడ్‌ల పట్టిక జాడను తనతో మోయుచుండును గనుక, తగిన మెథడ్ నడుచునపుడే ఎన్నుకొనబడును. రేపు ట్యాంకరు వచ్చి చేరినను ఆ లూపులో ఒక్క అక్షరము మార్చనక్కరలేదు. తాను వ్రాయబడిన నాటికి పుట్టియే యుండని వస్తువును పాత వ్రాత ఇట్లు ఆదరించుట చూచినపుడెల్ల నా మనస్సు పొంగును.

మన వ్యాకరణములను చదివినవారికి ఈ ఏర్పాటు అపరిచితముగా తోచదు. సామాన్యవిధిని ఉత్సర్గమనియు, దానిని ఒకానొక చోట బాధించు విశేషవిధిని అపవాదమనియు వైయాకరణులు వ్యవహరింతురు. అపవాదము లేనిచోట ఉత్సర్గమే ప్రవర్తించును. ఉపక్లాసు ఒక మెథడ్‌ను తానుగా వ్రాసికొనినచో అదియే చెల్లును, లేనిచో పైక్లాసుదే చెల్లును.

అయినను ఒక సూక్ష్మమైన ప్రశ్న మిగిలియున్నది, నా దృష్టిలో ఈ విషయమున కెల్ల మర్మము అదియే. బస్సు వాహనమే, అట్లయిన బస్సుల అర్రే వాహనముల అర్రే యగునా? దానినుండి తీసికొనునంతవరకు అగును, ఏలయన వచ్చునదెల్ల వాహనమే. దానిలో ఉంచబూనినపుడు కాదు, ఏలయన వాహనముల వరుస లారీని చేర్చుకొనును, బస్సుల వరుస చేర్చుకొనదు. పైక్లాసు వస్తువును వాడుచోట ఉపక్లాసు వస్తువు నుంచినను ప్రోగ్రాము నడత చెడరాదని 1987లో బార్బరా లిస్కోవ్ తన ప్రసంగమున ప్రతిపాదించిన ప్రమాణముతో చూచినను ఈ రెండవ వరుస మొదటిదానికి బదులు నిలువజాలదు. 1995లో వెలువడిన జావా మాత్రము ‘అగును’ అనియే నిర్ణయించెను. దానికి హేతువు లేకపోలేదు: నాటి జావాలో జెనరిక్స్ లేవు; ఏ జాతి వస్తువుల అర్రేనైనను క్రమపరచగల ఒకే మెథడ్‌ను వ్రాయవలెనన్న ఈ సడలింపు అవసరమయ్యెను. కాని దాని మూల్యము వ్రాతకాలమున గాక నడుచుకాలమున చెల్లింపవలసివచ్చినది. వాహనముల అర్రే యను పేరు దాల్చిన బస్సుల అర్రేలో లారీని ఉంచుటను కంపైలరు అంగీకరించును. నడుచునపుడు ఆ వస్తువు జాతి పరీక్షింపబడి, అర్రేస్టోర్ఎక్సెప్షన్ అను దోషముతో పని ఆగిపోవును. 2004లో జావా 5తో వచ్చిన జెనరిక్స్ ఈ తప్పిదమును దిద్దినవి: బస్సుల లిస్టును వాహనముల లిస్టుగా చూపబోయిన కంపైలరు అచటనే నిరాకరించును. అర్రేలు మాత్రము తమ పూర్వస్వభావమును విడువలేదు. రిఫరెన్సుల అర్రేలో వ్రాయునపుడు వస్తువు జాతిని చూడవలెనను నియమము ఆ భాషలో నేటికిని నిలిచియున్నది.