దెబ్బలు తినే విద్య

ఫలితం ముందే నిర్ణయమై ఉండే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో నేర్పంతా ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి లేపడంలోనే ఉంటుంది కనుక, ఇద్దరు మల్లయోధులు ఒకరి చేయి ఒకరు తాకి వంతులవారీగా బరిలోకి దిగే ట్యాగ్ టీమ్ పోటీని ఆ రంగంలోకెల్లా సున్నితమైన కళగా పరిగణించాలి. ఆ కళకు ప్రమాణం నెలకొల్పినవారు 1983లో అమెరికాలోని మెంఫిస్‌లో ‘రాక్ ఎన్ రోల్ ఎక్స్‌ప్రెస్’ పేరిట జతకట్టిన రిక్కీ మోర్టన్, రాబర్ట్ గిబ్సన్. భారీ దేహాలు లేని ఈ జంటలో మోర్టన్ ప్రత్యర్థుల మూలలో చిక్కి, చాలాసేపు దెబ్బలు తింటూ, భాగస్వామి చేయి అందినట్టే అంది తప్పిపోతుండగా జనంలో ఆత్రుత పెంచేవాడు. చివరికి చేయి తగలగానే గిబ్సన్ విరుచుకుపడేవాడు. ఆ క్షణాన్నే వృత్తి పరిభాషలో ‘హాట్ ట్యాగ్’ అంటారు. దెబ్బలు తిని సానుభూతి రాబట్టే పాత్రను నేటికీ మోర్టన్ పేరుతోనే పిలవడం ఏ టైటిల్‌కూ తీసిపోని గౌరవం.

ఇంతటి విద్య రాణించాలంటే సమవుజ్జీలు కావాలి. బాబీ ఈటన్, డెన్నిస్ కాండ్రీల ‘మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్’, టెన్నిస్ రాకెట్ చేతబట్టి బరి పక్కన రెచ్చగొట్టే వారి మేనేజర్ జిమ్ కార్నెట్ ఆ అవసరం తీర్చారు. మోర్టన్ జంట 1985లో తొలిసారి గెలిచిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ (ఎన్‌డబ్ల్యూఏ) ప్రపంచ ట్యాగ్ టీమ్ టైటిల్, 1986 ఫిబ్రవరిలో మిడ్‌నైట్ వశమై, ఆగస్టులో తిరిగి వారి చేతికే వచ్చింది. మిడ్‌నైట్ లాంటి దుష్టపాత్రధారుల నైపుణ్యానికీ ఈ కీర్తిలో సగం వాటా దక్కాలి. ఆ కీర్తి అక్కడితో ఆగలేదు: 2019లో, ఇద్దరూ అరవై దాటిన వయసులో, మోర్టన్, గిబ్సన్ అదే పేరుగల టైటిల్‌ను మళ్లీ గెలుచుకున్నారు.