ఏసీ వేయాల్సిన వేళ

ముత్తుకూరు మండలంలో ఉంటామంటే బయటి ఊళ్ల చుట్టాలు, ‘మీకేం, కరెంటు మీ గుమ్మంలోనే పుడుతోంది’ అంటారు. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న మాట నిజమే. కానీ ఆ కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది. మే నెలలో రాత్రి ఏడు దాటాక ఏసీలన్నీ ఒక్కసారే మొదలైతే, వోల్టేజీ పడిపోయి ఇక్కడి ఫ్యాన్లూ ఈసురోమంటాయి.

పగలు సోలార్ ఆదుకుంటుంది. పొద్దు గుంకాక బరువంతా బొగ్గు మీదా నీటి మీదా పడుతుంది. అందుకే నేను యూనిట్ల కంటే గంటలు చూసుకుంటాను. ఒకటిన్నర టన్నుల ఏసీ ఇంచుమించు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. అంటే పాతరకం ఫ్యాన్లు ఇరవై తిరిగినట్టు.

ఎండ ఉండగానే, నాలుగింటికి పడగ్గది మూసి ఏసీ 24లో పెడతాను. ఆరున్నరకు 27కి పెంచి ఫ్యాను వేస్తాను. గాలి ఒక్కటే చల్లబడితే తలుపు తీయగానే పోతుంది; గోడలు, పరుపు, బీరువా కూడా చల్లబడితే ఆ చలవ కాసేపు నిలుస్తుంది.

నిలవనివ్వనిది డాబా. పొద్దంతా తాగిన ఎండను శ్లాబు తీరిగ్గా కిందికి వదిలేది సరిగ్గా ఆ సాయంత్రం వేళకే. పైన సున్నం కొట్టించకుండా నాలుగింటికి ఏసీ వేయడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే. నన్నడిగితే ఏసీ కొనే డబ్బులో మొదటి వాటా సున్నానిది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఆలోచనతోనే.

ఇక మా అమ్మతో పేచీ. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరగ్గానే ‘తూర్పుగాలి తగిలింది, కిటికీలు తియ్యరా’ అంటుంది. ఆ గాలిలో తేమ ఎక్కువ. దాన్ని లోపలికి రానిచ్చి తర్వాత ఏసీ వేస్తే, ముందు ఆ తేమను పిండడానికే బోలెడు కరెంటు పోతుంది. పడమటిగాలి పొడిగా కొట్టే పూట హాయినిచ్చే కూలరు కూడా తూర్పుగాలికి ఉక్క పెంచుతుంది. అందుకని గాలి బాగున్న రోజు అమ్మ మాటే చెల్లుతుంది, ఆ రోజు ఏసీ లేదు. రెండూ కలిపితేనే నష్టం.

చలికాలపు గీజరు సంగతి తేలిక. పదిహేను లీటర్లు కాగడానికి ఇరవై నిమిషాలు చాలు. అందరూ మోటార్లు వేసే వేళ కాకుండా చూసుకుంటే సరి.

2023లో కేంద్రం తెచ్చిన నిబంధనలు సౌర వేళల్లో కరెంటు ధర కనీసం 20 శాతం తగ్గాలన్నాయి. మా ఇంటి బిల్లులో మాత్రం నెల మొత్తం యూనిట్లే తప్ప ఏ గంటలో వాడామో ఉండదు. నాలుగింటి ఏసీ వల్ల నాకు రూపాయి మిగలదు సరికదా, ముందుగా వేస్తున్నందుకు యూనిట్లు కాస్త పెరుగుతాయి కూడా. ఆ కాస్త నేను ఇష్టపడి కట్టుకుంటున్నాను. పక్కింటివాళ్లను కట్టమని అడగడానికి మాత్రం నోరు రాదు.