గొట్టానికి బదులు ఒక సూది

చక్రం నట్టు బిగించే పనిలో రోడ్డు పక్క టైరు షాపులు ఈనాటికీ నమ్ముకున్నది వీల్ పానాను, దాని పిడికి తొడిగే ఇనుప గొట్టాన్ని; ఆ గొట్టంపై ఈ శీర్షికకు ఉన్న పాత కక్ష పాఠకులకు తెలియనిది కాదు. కోల్‌కతాలో, 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాకులకు చేరువలోని ఏక్‌బాల్‌పూర్ నుంచి, సొంత కారు పనులు ఇంటి ముందే చేసుకునే ఒక తెలుగు పాఠకుడు బిగింపును కొలిచే టార్క్ రెంచ్ తక్కువ ధరలో ఏది కొనాలని ఈ వారం రాసి అడగడం నిజంగా సంతోషించదగిన విషయం.

టార్క్ అంటే మెలితిప్పే బలం. పిడి మీద మోపిన బలాన్ని, నట్టు నుంచి ఆ చోటుకున్న దూరంతో గుణిస్తే వచ్చే ఈ రాశిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. అర మీటరు పానా చివర 20 కిలోల బరువు మోపితే సుమారు 98 న్యూటన్ మీటర్లు వస్తుంది. చిన్న కార్ల చక్రాల నట్లకు తయారీదార్లు మాన్యువల్‌లో చెప్పే బిగింపు ఇంచుమించు అంతే. గొట్టం తొడిగి ఆ పొడవును మీటరు చేసి, 60 కిలోల మనిషి దానిపై ఎక్కి నిలబడితే అది 590 దాకా పోతుంది. అంతటి బలానికి నట్టు పట్టే బోల్టు సాగి, తిరిగి మామూలు పొడవుకు రాలేని స్థితికి చేరవచ్చు. ఒక నట్టు ఎక్కువగా, మరొకటి తక్కువగా బిగిస్తే బ్రేకు డిస్కు వంకరపోయి పెడల్ అదురుతుంది. అర్ధరాత్రి పంక్చరైతే, స్టెప్నీతో పాటు ఇచ్చే పొట్టి పానాకు అలా బిగిసిన నట్టు లొంగదు.

కోల్‌కతా మెకానిక్కుల చేతి అంచనాను తక్కువ చేయడం న్యాయం కాదు. ఆ నగరానికి ఉత్తరాన ఉత్తర్‌పారాలో 2014 మే దాకా తయారైన అంబాసిడర్ మీద, మల్లిక్ బజార్‌లో దొరికే పాత విడిభాగాల మీద పని నేర్చుకున్న చేతులవి. ఆ కారు పాత ఇంజిన్ బ్లాకూ, దాని పైన కూర్చునే హెడ్డూ పోత ఇనుముతో చేసినవి కనుక, బిగింపు కాస్త అటూ ఇటూ అయినా ఆ ఇనుము ఓర్చుకునేది, మణికట్టు జ్ఞాపకమే కొలతగా చెల్లేది. అల్యూమినియం ఇంజిన్లు వచ్చాక ఆ ఓర్పు పోయింది. స్పార్క్ ప్లగ్గును పాత అలవాటుతో బిగిస్తే మర ఊడి చేతికి వస్తుంది. లోపం చేతిది కాదు, దానికి తర్ఫీదునిచ్చిన లోహం మారిపోయింది.

తక్కువ ధరలో అంటే అందరూ చూపేది టిక్కుమని శబ్దం చేసే రకాన్నే. పిడిలోని స్ప్రింగును కావలసిన అంకెకు తిప్పి పెడితే, అంత బిగింపు రాగానే అది శబ్దం చేస్తుంది. పది న్యూటన్ మీటర్లు దాటిన కొలతల్లో దాని తప్పు నాలుగు శాతం మించకూడదని ఐఎస్ఓ 6789 ప్రమాణం చెబుతుంది. గరిష్ఠ కొలతలో అయిదో వంతుకు దిగువన దాన్ని నమ్మకూడదు. వాడిన ప్రతిసారీ స్ప్రింగును కనిష్ఠ అంకెకు తిప్పి దాచాలి, ఏడాదికో, అయిదు వేల బిగింపులకో ఒకసారి సరిచూపించాలి. కారు ఇంట్లో ఒక్కటే ఉన్నవారు ఆ ఖర్చు పెట్టరు, స్ప్రింగు అలసినా శబ్దం మాత్రం మామూలుగానే వస్తుంది.

అందుకే పాతకాలపుదని పక్కనపెట్టే సూది రకాన్ని ఇక్కడ గట్టిగా సమర్థించవలసి వస్తున్నది. అందులో ఒక కడ్డీ వంగుతుంది, పక్కనున్న సన్నని సూది కదలక నిలిచి స్కేలు మీద అంకె చూపుతుంది. సూది సున్నా దగ్గర లేకపోతే కంటికే కనిపిస్తుంది. దానికి ప్రమాణం ఆరు శాతం తప్పును అనుమతిస్తుంది, అయితే ఆ తేడాకు భయపడనక్కరలేదు: మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్టును లాగే బిగువుగా మారుతుంది, తక్కినదంతా నట్టు కిందా మరల్లోనూ రాపిడికి పోతుంది. వానాకాలంలో నీళ్లు నిలిచే వీధుల్లో తిరిగిన కారు మరల మీది తుప్పు ఈ రెండు శాతం కన్నా ఎంతో పెద్ద తేడా తెస్తుంది. ఆ తుప్పును వైరు బ్రష్‌తో రుద్ది తీయాలి, నూనె రాయకూడదు. నూనె ఉంటే అదే అంకె దగ్గర బోల్టు మరింత సాగుతుంది. ఇంజిన్ మూలల్లో స్కేలు చదవడం కష్టమే కానీ చక్రం ముందు కూర్చుంటే అంకె కళ్లెదుటే ఉంటుంది.

కొన్నాక సరిచూడడం కష్టం కాదు. రెంచ్ తలను బెంచ్ వైసులో అడ్డంగా బిగించి, సూదిని సున్నా మీద ఉంచి, తల మధ్య నుంచి అర మీటరు దూరంలో పది కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే సూది 49 దగ్గర నిలవాలి. 46కీ 52కీ మధ్య ఎక్కడ నిలిచినా చక్రాల పనికి చాలు, అది దాటితే వెంటనే దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి.