తిట్టే చనువు

నేలకొండపల్లి నేలా, నీకు దండం.

ఇటుకల స్తూపమై బుద్ధుడి మౌనం నీలో కూర్చుని ఉంది. విరాటరాజు గద్దె ఇక్కడేనని, భీముడు వంటవాడై గరిటె తిప్పింది ఇక్కడేనని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ మౌనానికీ మొక్కుతాను, ఆ గరిటెకీ మొక్కుతాను. కానీ నేను వచ్చింది ఒక నోటి కోసం. భద్రాద్రి రాముణ్ణి నిలబెట్టి కడిగేసిన నోటి కోసం.

కంచర్ల గోపన్న పుట్టింది నీ ఒడిలోనే, పదిహేడో శతాబ్దంలో. గోల్కొండ ఏలిక తానీషా కొలువులో మేనమామలు అక్కన్న మాదన్నల అండ, పాల్వంచ పరగణాకు తహసీల్దారీ. శిస్తు సొమ్ము భద్రాచలంలో గుడి అయింది, నగలయింది. గోపన్న గోల్కొండ ఖైదు పాలయ్యాడు. పన్నెండేళ్లంటారు.

ఆ చీకటి కొట్లో ఇంకొకరైతే శాపనార్థాలు పెట్టేవారు, లేదా నోరు కట్టేసుకునేవారు. గోపన్న పాట కట్టి లెక్క విప్పాడు. ప్రాకారానికింత, పతకానికింత, మొలతాడుకింత. తహసీల్దారు కదా, ఏడుపులోనూ పద్దు తప్పలేదు. ఇవన్నీ మీ నాన్న చేయించాడా, మామగారు ముట్టజెప్పారా అని రాముణ్ణే నిలదీశాడు. అదే పాటలో చివరికొచ్చేసరికి కరిగిపోయాడు. దెబ్బలకు తాళలేక అన్నానయ్యా, మనసులో పెట్టుకోకు అన్నాడు.

మరో పాటలో సీతమ్మను ఆశ్రయించాడు. అయ్యవారు ఏకాంతంగా ఉన్న వేళ చూసి నా సంగతి కాస్త ఎత్తమ్మా అని. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఎరిగిన మనిషి!

చనువా, నీకు దండం. పరాయివాణ్ణి ఎవరూ ఇంతలా తిట్టరు. పరాయివాడి ముందు మర్యాదలే ఉంటాయి, వాటి వెనక తలుపు మూసే ఉంటుంది.

మా ఇళ్లల్లోనూ నీదే రాజ్యం. పొద్దుగూకాక పొలం నుంచి వచ్చిన పెద్దాయనను పెద్దమ్మ గడపలోనే దులిపేస్తుంది. ఇయ్యాల నీ బువ్వ నువ్వే వండుకో అంటుంది. ఆ మాట గాలిలో ఉండగానే కంచంలో వేడన్నం, గోంగూర, పక్కన గుప్పిట్లో చిదిమిన ఉల్లిపాయ. ఆయన మాట్లాడకుండా కలుపుకుంటాడు. రెండో ముద్దకి ఆమె గొంతు తగ్గుతుంది. కారం ఎక్కువైందా, ఇంకింత నెయ్యి వెయ్యనా?

గోపన్న పాటకూ ఈ ప్రశ్నకూ నాకు తేడా కనపడదు. కోపం చల్లారేలోపే ప్రేమ ముందుకొచ్చి కూర్చుంటుంది.

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్తే కల్యాణ వేదిక మీదే చూపు నిలపండి. గోపన్న లెక్క అప్పజెప్పిన సీతమ్మ చింతాకు పతకాన్ని ఈనాటికీ భక్తులకు చూపించి, అమ్మవారికి అలంకరిస్తారు.