యాస ఎవరిది?

తెలుగు సినిమా ఏ పాత్ర నోట ఏ భాష పెట్టిందో గమనిస్తే, సమాజంలో ఎవరిని ఏ పీట మీద కూర్చోబెట్టిందో తెలుస్తుంది.

1985లో వచ్చిన 'ప్రతిఘటన' మంచి ఉద్దేశంతో తీసిన చిత్రం. రౌడీ రాజకీయాలను ఎదిరించిన అధ్యాపకురాలి కథ. కాని అందులో దుష్ట రాజకీయనాయకుడు కాశయ్య చేత తెలంగాణ యాస మాట్లాడించారు. ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావుగారిది కృష్ణా జిల్లా కంకిపాడు. ఆయన నటన గొప్పది. అందుకే దెబ్బ కూడా గట్టిగానే తగిలింది.

ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి బొగ్గు గనులకు, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు వచ్చిన కుటుంబాలెన్నో. మా ఇంటి భాష కాశయ్య భాషే. బడిలో మరాఠీ, బజారులో హిందీ. మాకు తెలుగు నేర్పినవి ఇల్లూ, సినిమా. ఒక గురువు రెండో గురువును వెక్కిరిస్తే శిష్యుడేం చేస్తాడు? నేను చేసిందే చేస్తాడు. బ్యాంకులో చేరిన కొత్తలో గని కార్మికులు కౌంటరు దగ్గరికొచ్చి "సారూ, పైసలు పడ్డయా?" అనడిగితే, "ఇంకా జమ కాలేదండీ" అని సినిమా తెలుగులో చెప్పేవాణ్ణి. ఒకసారి మా అమ్మ విన్నది. "గట్ల మాట్లాడితే నువ్వు మనోనివని వాళ్ళకెట్ల తెలుస్తదిరా?" అన్నది.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక గాలి మారింది. 'ఫిదా' (2017)లో బాన్సువాడ భానుమతి మాటలకు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కాని అక్కడా యాస ఆమెకు పెట్టిన నగలాగే ఉంది. వెక్కిరించినా, ముచ్చటపడినా కొలబద్ద అవతలివాడి భాషే.

'బలగం' (2023)లో నాకా బాధ లేదు. చావింట్లో పెట్టిన ముద్దను కాకి ముట్టదు, అదీ కథ. ఏడ్చేవాళ్ళూ, తగవులాడేవాళ్ళూ అందరిదీ ఒకే భాష. అందుచేత అది యాసగా కాక మాటగా వినిపిస్తుంది. దర్శకుడు వేణు యెల్దండి సాధించింది ఇదే. 1980లోనే 'మాభూమి' చూపిన దారిని వ్యాపార చిత్రాలు ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు.

ఇక మరాఠీ కలిసిన మన తెలుగు నేను చూసినంతలో ఏ తెర మీదా లేదు. అందాకా ఆగనక్కరలేదు. మన పత్రికలో కథలు రాసేవారైనా ఆ భాషను పాత్రలకివ్వాలి. గని కార్మికుడికే కాదు, బ్యాంకు మేనేజరుకు కూడా.