అతుకు వేసే ముందు ఒక ఆకుపచ్చ వెలుగు

పెద్దపేగులో క్యాన్సర్ ఉన్న ముక్కను కోసి తీసేశాక సర్జన్ ముందు రెండు కొసలు మిగులుతాయి. వాటిని కలిపి అతకాలి. ఆ అతుకు పట్టకపోతే మలం పొట్టలోకి కారుతుంది. చీము పడుతుంది, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మలద్వారానికి దగ్గరగా, కటి లోతుల్లో వేసే అతుకులకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే అలాంటి రోగుల్లో చాలామందికి కొన్ని నెలలపాటు పొట్టమీద మలం సంచీ తగిలిస్తారు.

అతుకు పట్టడానికి మొదట కావలసింది రక్తం. క్యాన్సర్ పాకే లసిక గ్రంథులను కూడా తీసేయాలి కాబట్టి, పేగు ఎడమవైపుకు రక్తం తెచ్చే పెద్ద ధమనిని మొదట్లోనే కట్టేస్తారు. ఆ తర్వాత పై కొసకు ఆధారం పేగు అంచు వెంట నడిచే సన్నని ధమని ఒక్కటే. ప్లీహం దగ్గరి మలుపులో అది కొందరికి బాగా సన్నగా ఉంటుంది, కొందరికి తెగిపోయినట్టే ఉంటుంది. పైకి చూస్తే తెలియదు.

పేగు గులాబీరంగులో ఉందా, కొవ్వుపొరలో నాడి కొట్టుకుంటోందా, కోసిన అంచు నుంచి ఎర్రటి రక్తం వస్తోందా? తరతరాలుగా సర్జన్లు నమ్ముకున్న గుర్తులివి. వాటిని కొట్టిపారేయలేం. కానీ ఏ అతుకు లీకవుతుందో సర్జన్లనే అడిగి, తర్వాత ఫలితాలతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2009లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. వాళ్ల అంచనాలు పెద్దగా నిలబడలేదు.

ఇక్కడే ఇండోసయనిన్ గ్రీన్ అక్కరకొస్తుంది. కొడాక్ ప్రయోగశాలల్లో పుట్టిన ఈ రంగుకు అమెరికాలో 1959లోనే వైద్య అనుమతి దొరికింది. గుండె, కాలేయం, కంటి పరీక్షల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. చిన్న సీసాలో 25 మిల్లీగ్రాముల పొడి ఉంటుంది. దాన్ని శుద్ధజలంలో కరిగించి, కొన్ని మిల్లీలీటర్లు మత్తు డాక్టర్ సిరలోకి ఎక్కిస్తారు, వెంటనే సెలైన్ తోస్తారు. రంగు రక్తంలోని ప్రొటీన్లను అంటిపెట్టుకుని రక్తనాళాల్లోనే తిరుగుతుంది. సర్జన్ కెమెరాను పరారుణ కాంతికి మారుస్తారు. అర నిమిషం, ముప్పావు నిమిషం గడిచేసరికి తెరమీద పేగు వెలగడం మొదలవుతుంది. ఆ వెలుగు 830 నానోమీటర్ల దగ్గరిది, మన కంటికి ఆనదు. ఆకుపచ్చ అనేది యంత్రం దానికి వేసే రంగు. కోయాలనుకుని గుర్తు పెట్టుకున్న చోటికి రెండు సెంటీమీటర్ల ముందే వెలుగు ఆగిపోతే, ఆ రెండు సెంటీమీటర్లూ తీసేసి పైనుంచి అతుకుతారు.

చూడటానికి ఇంత తేలిగ్గా ఉన్నా, దీనికి గడియారం మీద కన్నుండాలి. రక్తం సరిగా అందని కొసలోకి కూడా పక్కనున్న సూక్ష్మనాళాల గుండా రంగు మెల్లగా చేరుతుంది. తీరిగ్గా చూస్తే చచ్చుబడబోయే కొస కూడా పచ్చగానే కనిపిస్తుంది. కెమెరా దగ్గరికి జరిగినా వెలుగు పెరుగుతుంది. అనుమానమొచ్చి మళ్లీ ఎక్కించాలంటే, మొదటి మోతాదును కాలేయం పైత్యరసంలోకి వదిలేదాకా కాసేపు ఆగాలి.

ఫలితాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. అమెరికాలో 2015లో వెలువడిన పిల్లర్-2 అధ్యయనంలో 139 మంది రోగులకు లీకు 1.4 శాతమే. అందరూ సంబరపడ్డారు, కానీ అందులో పోల్చి చూసే రెండో గుంపు లేదు. పిల్లర్-3లో 347 మందిని రెండు గుంపులు చేసి చూస్తే 9.0, 9.6 శాతాలు. తేడా లేనట్టే. అయితే రోగులు తగినంతమంది చేరక ఆ ప్రయోగం మధ్యలోనే ఆగింది. జపాన్‌లో 850 మందితో జరిగి 2023లో వెలువడిన ఎసెన్షియల్ ప్రయోగంలో మాత్రం రంగు వాడినవారికి 7.6 శాతం, వాడనివారికి 11.8 శాతం లీకులు. మలాశయ క్యాన్సర్ రోగికి ఈ తేడా చిన్నది కాదు.

పొగతాగడం, పోషకాహార లోపం, ముందే ఇచ్చిన రేడియేషన్, అతుకు దగ్గర బిగువు కూడా లీకుకు కారణాలే. వాటిని ఈ వెలుగు చూపించదు. అది చూపేది రక్తం సంగతి ఒక్కటే, అదీ చదవడం వచ్చినవారికి. అందుకే ఇప్పుడు పరిశోధకులు ఎంత వెలిగిందన్నది పక్కనబెట్టి, ఎంత వేగంగా వెలిగిందో కంప్యూటర్‌తో కొలుస్తున్నారు. రక్తం బాగా అందే పేగు భాగాన్నీ, అతకబోయే కొసనూ ఒకే చిత్రంలో పెట్టి, రెండింటి వెలుగు సెకను సెకనుకూ ఎలా పెరిగిందో పక్కపక్కన గీతలుగా గీసి చూస్తున్నారు.